ఆరు వందల ఏళ్ల కర్ర ఇంటికి సిమెంటు ఎందుకు పడదు?

ఆగ్నేయ ఇంగ్లండ్‌లోని కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో 15వ శతాబ్దం నాటి రైతుల ఇళ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది బేలీఫ్. ఇది మొదట కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండేది. అక్కడ జలాశయం కట్టడంతో 1960ల చివర్లో దీన్ని ఊడదీసి, తర్వాత ససెక్స్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు.

ఇల్లును ఇలా విప్పి మళ్లీ కట్టడం ఎలా సాధ్యం? బరువు మోసేది గోడలు కాదు, ఓక్ కర్రలతో కట్టిన చట్రం. ఒక దూలం చివర చెక్కిన నాలుకను మరో దూలానికి తొలిచిన రంధ్రంలో దూర్చి, చెక్క మేకులతో బిగిస్తారు. దూలాల్లోని వృక్ష వలయాలను పరిశీలించి, ఇంటి తొలి భాగాన్ని 1405-1430 మధ్య, తర్వాత చేర్చిన భాగాన్ని 1505-1510 మధ్య కట్టినట్లు తేల్చారు. నడిమి హాలు పైకప్పు దాకా తెరిచే ఉంటుంది. నేల మీదే మంట, పొగగొట్టం లేదు.

కర్రల మధ్య ఖాళీలను తడికతో అల్లి, గడ్డి కలిపిన మట్టిని మెత్తేవారు. ఇలాంటి గోడలు మన పల్లెలకూ కొత్త కాదు. వాన పడితే గోడ కొంత తేమ పీలుస్తుంది, ఎండ, గాలి తగిలితే ఆరిపోతుంది. పైన వేసే సున్నపు పూత కూడా ఆవిరిని అడ్డుకోదు. కర్ర కాస్త కదిలినా సర్దుకుంటుంది.

సిమెంటు అలా కాదు. అది గట్టిగా బిగుసుకుంటుంది. రుతువులను బట్టి కర్ర ఉబ్బి, కుంచించుకుపోతుంటే సిమెంటు పూతకు సన్నని పగుళ్లు వస్తాయి. వాటిగుండా లోపలికి చేరిన నీరు బయటకు రాలేదు. కర్రలో తేమ సుమారు 20 శాతం దాటి అలాగే ఉంటే శిలీంధ్రాలు పెరిగి కర్రను కుళ్లబెడతాయి. అలా మెత్తబడిన ఓక్‌ను కొన్ని పురుగులు తొలుస్తాయి. బయటికి గోడ చక్కగానే కనిపిస్తుంది, లోపల దూలం గుల్లవుతుంది. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

అందుకే రక్షిత జాబితాలో ఉన్న ఇంటి స్వరూపాన్ని మార్చే ఏ పనికైనా ఇంగ్లండ్‌లో ముందుగా అనుమతి తీసుకోవాలి. లేకుండా చేస్తే నేరం. యజమానికి ఇది భారమే. సున్నపు పూతను కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి కూడా. కానీ అరిగిపోయిన పూతను మళ్లీ వేసుకోవచ్చు. కుళ్లిపోయిన ఆరు వందల ఏళ్ల దూలాన్ని మాత్రం తిరిగి తేలేం.