పిల్లల ముందుపండ్లు విరిగినచో

మైదుకూరు పరిసర గ్రామములలో బడిపిల్లలు ఆటలలో జారిపడుట, బోరింగు పిడి మూతికి తగులుట వింత కాదు. అట్టి దెబ్బలకు తరచుగా విరుగునవి పైవరుస ముందుపండ్లు. పాలపండ్లు ఊడిన పిదప 7 మొదలు 9 ఏండ్ల ప్రాయమున మొలచు ఈ పండ్లు జీవితాంతము నిలువవలసినవి. పోయినచో మరల రావు. పన్ను విరిగిన బిడ్డ నోటికి చేయి అడ్డము పెట్టుకొని మాటాడును, తరగతిలో పాఠము చదువుటకు జంకును. కావున ఉపేక్ష తగదు.

పంటికి పైన గట్టి పింగాణీ పొర, దాని క్రింద డెంటిన్, నడుమ నరములు, రక్తనాళములు గల గుజ్జు ఉండును. డెంటిన్ బయటపడినచో చల్లని నీరు తగిలినంతనే జివ్వుమనును. ఎర్రని గుజ్జు కనబడినచో జాగు చేయరాదు. క్రిములు చొచ్చి పన్ను చచ్చి, చీము పట్టును. మొలచిన పంటికి వేరు పూర్తిగా పెరుగుటకు సుమారు 3 ఏండ్లు పట్టును. గుజ్జు బ్రతికియున్ననే ఆ పెరుగుదల సాగును. అందుచే వైద్యులు చెడిన పైభాగమును మాత్రము తొలగించి, మిగిలినదానిపై మందు కప్పి కాపాడుదురు.

విరిగిన ముక్కను పారవేయక నీటిలోనో పాలలోనో ఉంచి తీసికొనిపోవలెను. దానినే అతికింపవచ్చును. దొరకనిచో పంటిరంగు గల కాంపోజిట్ రెజిన్‌తో పన్నును తీర్చెదరు. ఆమ్లముతో పింగాణీ పొరను గరుకు చేసినచో రెజిన్ గట్టిగా అంటుకొనునని 1955లో అమెరికా దంతవైద్యుడు మైకేల్ బ్యూనొకోర్ ప్రకటించెను. గచ్చు పట్టుటకు గోడకు గాట్లు పెట్టుట వంటిదే ఇది.

శాశ్వతదంతము వేరుతో ఊడివచ్చినచో నిమిషములే విలువైనవి. వేరును తాకక తెల్లనిభాగమును పట్టుకొని, మట్టియున్నచో పాలతో కడిగి, అదే గుంటలో నిలిపి, శుభ్రమైన గుడ్డను కొరికి పట్టింపవలెను. వీలుపడనిచో పాలలో వేసి, గంటలోపల దంతవైద్యుని చేరవలెను. పాలపన్నును మాత్రము మరల పెట్టరాదు. బిడ్డ స్పృహ తప్పినను, వాంతి చేసికొన్నను తలదెబ్బగా నెంచి ముందు ఆసుపత్రికి తరలింపవలెను.

కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి కలవు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పిల్లలకు జరుపు పరీక్షలలో దంతములును చేరియున్నవి.

పంచాయతీ సభ్యులు చేయదగినది స్వల్పమే: ఆటస్థలమున రాళ్ళు ఏరించుట, బోరింగు చుట్టు పాచి తొలగించుట, పై సూచనలను బడిగోడపై వ్రాయించుట. ఇంతమాత్రమున పెక్కుమంది బిడ్డల నవ్వు చెదరక నిలుచును.