తెరపై అక్షరాన్ని చెవితో సరిచూసుకొనే విధం

బ్యాంకు శాఖను గుర్తించే ఐ.ఎఫ్.ఎస్. కోడ్‌లో 11 స్థానాలు ఉంటాయి. మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. అయిదవది ఎల్లప్పుడూ సున్నా. తక్కిన ఆరూ శాఖను తెలుపుతాయి. ఆ అయిదవ స్థానంలో సున్నాకు మారుగా ఇంగ్లీషు ‘ఓ’ పడిందంటే, రావలసిన పింఛను గాని, వాపసు కావలసిన పన్ను సొమ్ము గాని ఖాతాకు చేరదు. కన్నులున్నవారు సైతం పొరపడే చోటిది. ఇక దృష్టిలోపం గల పౌరుడు కంప్యూటరు పలికే మాటే ఆధారంగా దరఖాస్తు నింపుతున్నప్పుడు, వేగంగా దొర్లిపోయే ఆ వరుసలో సున్నా ఏదో, ‘ఓ’ ఏదో పట్టుకోవడం మరింత కష్టం.

అప్పుడు సాధారణంగా జరిగేదేమంటే, ఇంట్లో పిల్లవాణ్ణో, పక్కింటివారినో, జెరాక్సు అంగడి అబ్బాయినో పిలిచి ‘ఒకసారి చూసిపెట్టు నాయనా’ అని అడగడం. చూసిపెట్టేవారు మంచివారే కావచ్చు. అయినా ఖాతా సంఖ్య, పాన్ సంఖ్య, ఆదాయ వివరాలు అన్నీ వారి కంటబడతాయి. పరుల కంటికి అప్పగించకుండా తన పత్రాన్ని తానే అక్షరమక్షరం తడిమి చూసుకొనే ఏర్పాటు, తెరపై రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లలోనే ఉన్నది.

ఇక్కడ ఉదాహరణకు తీసుకొన్నది ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధులైన ప్రోగ్రామర్ల కృషి ఇది. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. విండోస్ కంప్యూటర్లపై పనిచేస్తుంది. దీనితో పాటే వచ్చే ఈ-స్పీక్ అనే గొంతు తెలుగును, కన్నడాన్ని కూడా పలుకుతుంది. ఆ పలుకు యాంత్రికంగా ఉంటుందన్న మాట నిజమే కాని, అక్షరం సరిచూసుకొనే పనికి శ్రావ్యత కంటె స్పష్టతే ముఖ్యం.

కీబోర్డు కుడివైపున అంకెలు గల నంబర్ ప్యాడ్ ఉంటుంది. నమ్ లాక్‌ను ఆపివేస్తే, అందులోని మీటలే చదివించుకొనే మీటలవుతాయి. పై వరుసలోని 7, 8, 9 పంక్తులకు. నడిమి 4, 5, 6 పదాలకు. కింది 1, 2, 3 అక్షరాలకు. ప్రతి వరుసలోనూ ఎడమది వెనుకకు, కుడిది ముందుకు తీసుకుపోతుంది. నడిమిది ఉన్నచోటనే ఉన్నదానిని వినిపిస్తుంది. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లో, ఎన్.వి.డి.ఎ. మీటగా నిర్ణయించుకొన్న ఇన్సర్ట్ లేదా క్యాప్స్ లాక్‌ను పట్టి ఉంచి ఎడమ, కుడి బాణాలతో అక్షరాల మీదుగా కదలవచ్చు. ఉన్న అక్షరాన్ని వినడానికి దానితో ఫుల్‌స్టాప్ మీట.

ఈ నడకకు ఒక విశేషం ఉన్నది. టైపు చేసే కర్సర్ ఉన్నచోటనే ఉండిపోతుంది. పరిశీలించే కర్సర్ మాత్రమే వేరుగా కదులుతుంది. కనుక దిద్దడానికి వీలులేని రాతను, ‘మీ దరఖాస్తు అందినది’ అంటూ తెరపై కనిపించే సందేశంలోని దరఖాస్తు సంఖ్యను సైతం, నింపిన వివరాలు చెడిపోతాయన్న బెంగ లేకుండా నెమ్మదిగా చదివించుకోవచ్చు.

2 అంకె గల మీటను ఒకసారి నొక్కితే అక్షరం పేరు వినిపిస్తుంది. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే, ఇంగ్లీషు గొంతులో, అక్షరానికి గుర్తుగా ఒక పదం వస్తుంది: బి అయితే బ్రావో, డి అయితే డెల్టా, పి అయితే పాపా. చెవికి ఒకేలా తోచే అక్షరాలు ఇక్కడ విడిపోతాయి. పాన్ సంఖ్యలో మొదట అయిదు అక్షరాలు, తరువాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి గనుక ఈ మీట అక్కడ ఎంతో ఆదుకొంటుంది. మూడుసార్లు నొక్కితే ఆ అక్షరానికి కంప్యూటరు ఇచ్చిన సంఖ్య వినిపిస్తుంది. అది 48 అయితే సున్నా, 79 అయితే పెద్ద ‘ఓ’. ఇక సందేహానికి తావు లేదు.

తెలుగు, కన్నడం పక్కపక్కనే బ్రతికే ఊళ్ళలో ఈ మూడవ పద్ధతికి మరొక ఉపయోగం ఉన్నది. క, త, శ వంటివి రెండు లిపులలో తేడాగా కనిపిస్తాయి. ర, గ, జ, ల వంటివాటిని అచ్చులో చూసి వేరుచేయడం కన్నులున్నవారికే కష్టం. టైపు చేసేవారు నడుమ భాష మార్చడం మరచిపోతే, తెలుగు పేరులో ఒక కన్నడ ‘ర’ చేరి కూర్చుంటుంది. కాగితంపై అంతా సవ్యంగానే ఉంటుంది. రికార్డులలో వెదికితే మాత్రం ఆ పేరు దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు, కన్నడానికి 3200 నుండి 3327 వరకు స్థానాలు కేటాయించారు. తెలుగు ‘ర’ 3120. కన్నడ ‘ర’ దానికి సరిగ్గా 128 ఎక్కువ, అనగా 3248. వినేవారు 3200 అనే సరిహద్దును గుర్తుంచుకొంటే చాలు. పూర్ణానుస్వారానికి బదులు తెలుగు సున్నా అంకె పడినా ఇలాగే దొరికిపోతుంది: అనుస్వారం 3074, అంకె 3174. కంటికి అందని తప్పును చెవి పట్టుకొనే చోటిది.

అయితే తెలుగులో ఒక చిక్కు లేకపోలేదు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం వెనుక స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు సంకేతాలు ఉన్నాయి. కొన్ని ప్రోగ్రాములలో అవి ఒక్కటిగా పలుకుతాయి, కొన్నింటిలో విడివిడిగా వినిపిస్తాయి. గుణింతమో, ఒత్తో చేరినచోట సంఖ్య సరిగా వినిపించకపోవచ్చు. ఒంటరి అక్షరం మీద పరీక్షించడమే మేలు.

ఇంత చేసినా ఫలించని పత్రాలు రెండు రకాలు. స్కాను చేసిన కాగితం వట్టి బొమ్మ. దానిపై సాఫ్ట్‌వేర్‌కు అక్షరమే దొరకదు. డి.టి.పి. పనికని తయారైన పాత ఫాంట్లలో తెలుగు ఆకారాల వెనుక ఇంగ్లీషు సంకేతాలు దాగి ఉంటాయి గనుక అర్థంలేని ధ్వనులు వినిపిస్తాయి. ఈ రెండింటిలోనూ లోపం వినేవారిది కాదు, పత్రం తయారుచేసినవారిది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ఎలక్ట్రానిక్ సమాచారం అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని 42వ సెక్షనులో చెబుతున్నది. అటువంటి పత్రం అందినవారు యూనికోడ్‌లో టైపు చేసిన ప్రతిని కోరడం సబబైన కోరికే.

తప్పు దొరికినప్పుడు వార్డు కార్యాలయంలో ‘పేరు తప్పుగా ఉంది’ అని ఊరుకోక, ఎన్నవ అక్షరమో, ఏమున్నదో, ఏముండాలో చెబితే సవరణ త్వరగా సాగుతుంది: ‘అయిదవ అక్షరం ఇంగ్లీషు ఓ అని ఉన్నది, సున్నా కావాలి.’ దరఖాస్తు సంఖ్యను నోటితో చెప్పనక్కరలేదు. సంఖ్య మొదట ఎన్.వి.డి.ఎ. మీటతో ఎఫ్9 నొక్కి, పరిశీలించే కర్సర్‌ను చివరి అక్షరానికి తీసుకుపోయి, ఎన్.వి.డి.ఎ. మీటతో ఎఫ్10 రెండుసార్లు నొక్కితే ఆ సంఖ్య కాపీ అవుతుంది. దానిని అర్జీలో యథాతథంగా అతికించవచ్చు.