గడ్డం - కుంచె - ఎర్రగడ్డ

ఎర్రగడ్డలో రూము తీసుకుని ఉంటున్నానని చెప్పగానే ఎదుటివాళ్ళు నన్నోసారి ఎగాదిగా చూసి నవ్వుతారు. "ఎప్పుడు వదిలిపెట్టిన్రు?" అని అడిగిన మిత్రులూ ఉన్నారు. అక్కడి మానసిక వైద్యశాలకు రోజూ ఎంత దుఃఖం నడిచి వస్తుందో చూస్తున్నవాణ్ణి గనుక ఆ హాస్యం నాకంతగా రుచించదు. ఇప్పుడు గడ్డం గీసుకునే బ్రష్షు మీద వ్యాసం రాశానంటే మాత్రం వాళ్ళ అనుమానం గట్టిపడుతుందేమో! అయినా రాయక తప్పదు. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

కథ ఒక సెలూన్‌లో మొదలయింది. ఫస్టియర్‌లో ఉండగా మా పెద్దనాయిన కొడుకు పెళ్ళికి ముందురోజు గడ్డం గీయించుకున్నాను. నాకంటె ముందు కూర్చున్నాయన ముఖం మీద తిరిగిన బ్రష్షే, కడగకుండానే, నా ముఖం మీదా తిరిగింది. మూడోనాటికి దవడ నిండా చీముపొక్కులు. వెంట్రుకల కుదుళ్ళలో సూక్ష్మజీవులు చేరాయన్నారు డాక్టరు గారు. తగ్గడానికి రెండు వారాలు పట్టింది. విందు ఫోటోల్లో నేను గవదకు దస్తీ అడ్డం పెట్టుకుని, పంటినొప్పివాడిలా కనిపిస్తాను. ఆనాటినుంచి నా గడ్డం నేనే గీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

అది విని, దుబాయి నుంచి వచ్చిన మా చిన్న మేనమామ ఒక కొత్త బ్యాడ్జర్ బ్రష్షు చేతిలో పెట్టాడు. బ్యాడ్జర్ అంటే నీటికుక్కల కుటుంబానికి చెందిన, నేలలో బొరియలు చేసుకునే జంతువు. బ్రష్షుల్లోకి వచ్చే వెంట్రుకలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. ఆ వెంట్రుక నడుమ కొంచెం లావుగా ఉండి, కొనకు వచ్చేసరికి సూదిలా సన్నబడుతుంది. అందుచేత కుచ్చు నడుమ నీళ్ళు బాగా నిలుస్తాయి, కొనలు మాత్రం చర్మానికి మెత్తగా తగులుతాయి. దాని గొప్పతనమంతా ఇంతే.

మొదటిరోజే నాకు పరాభవం జరిగింది. ఎంత తిప్పినా నురగ లేదు, గిన్నె అంచున తెల్లని తెట్టె మాత్రం కట్టింది. సబ్బు దొంగ సబ్బని అనుమానించాను. తప్పు సబ్బుది కాదు, మా బిల్డింగు బోరునీళ్ళది. షేవింగు సబ్బులో ఉండేది ముఖ్యంగా స్టియరిక్ ఆమ్లపు పొటాషియం, సోడియం లవణాలు. పొటాషియం ఉన్నందువల్లనే దాని నురగ మెత్తగా, వెన్నలా ఉంటుంది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం ఆ స్టియరేటును పట్టుకుని నీటిలో కరగని తెట్టెగా మార్చేస్తాయి. ఇంటర్‌లో ఈ సమీకరణం రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, అద్దం ముందు మాత్రం అది గుర్తుకు రాలేదు! మర్నాడు నల్లాలో మంజీరా నీళ్ళు వచ్చినప్పుడు ఒక సీసాకు పట్టి దాచాను. అదే సబ్బు, అదే బ్రష్షు, ఈసారి నురగ పెరుగు తోడుకున్నట్టు నిలిచింది. షేవింగుకు ఒక గ్లాసెడు నీళ్ళు చాలు గనుక బోరునీళ్ళ మీద బతికే హాస్టలు మిత్రులు తాగేనీళ్ళలోంచి ఆ గ్లాసు మిగుల్చుకుంటే మంచిది.

ఇక వాడే విధానం. బ్రష్షును గోరువెచ్చని నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు నాననివ్వాలి. మరిగే నీళ్ళు పోస్తే వెంట్రుక పెళుసెక్కుతుంది. తీసి మెల్లగా పిండి, సబ్బు మీద అర నిమిషం గుండ్రంగా తిప్పాలి. తర్వాత ఒక్కొక్క చుక్క నీరు చేరుస్తూ పోవాలి. అందరం తొందరపడేది ఇక్కడే. నీరు చాలకపోతే నురగ ముఖం మీద ఎండిపోతుంది, ఎక్కువైతే బుడగలై జారిపోతుంది. ముఖం మీద రెండు మూడు నిమిషాలు తిప్పడం షోకు కోసం కాదు. గడ్డం వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీను. నీరు లోపలికి చేరి కెరటిన్‌లోని హైడ్రోజన్ బంధాలను సడలిస్తే వెంట్రుక మెత్తబడుతుంది. ఎండిన జొన్న కొయ్యకాళ్ళ మీద కొడవలి పెట్టడానికీ, పచ్చిగడ్డి కోయడానికీ ఉన్న తేడా మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. బ్లేడు సంగతీ అంతే. ముందు వెంట్రుకల వాలు వెంబడే గీయాలి. ఎదురు గీతకు తొందరపడితే నెత్తురే.

పని అయ్యాక సబ్బంతా పోయేలా కడిగి, పిండి, విదిలించి, గాలి తగిలేచోట ఉంచాలి. తలక్రిందులుగా వేలాడదీయకపోతే పాడవుతుందని పెద్దలంటారు గాని, వెంట్రుకల సందుల్లోని నీటిని కేశనాళికత పట్టుకుని ఉంటుంది గనుక భూమ్యాకర్షణ వల్ల అయ్యేది స్వల్పమే. కావలసింది గాలి. తడి బ్రష్షును డబ్బాలో మూసిపెట్టేవాడు బూజు పెంచుతున్నాడన్నమాట. కొత్త బ్రష్షు కొన్నాళ్ళు జంతువు వాసన వేస్తుంది, షాంపూతో నాలుగైదుసార్లు కడిగితే పోతుంది. మొదట్లో నాలుగు వెంట్రుకలు రాలినా దిగులు లేదు. నెలదాటినా రాలుతుంటే అతుకు మంచిది కాదు.

కొనేవాళ్ళకు రెండు మాటలు. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని రకాలు చెబుతారు. కొనలు ఎంత తెల్లగా, మెత్తగా ఉంటే ధర అంత పైకి పోతుంది. కాని ఈ పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలబద్ద లేదు, ఒకరి బెస్ట్ ఇంకొకరి ప్యూర్ కావచ్చు. కుచ్చు మొదలు 22 మిల్లీమీటర్లుంటే మనవంటి వాళ్ళకు చాలు.

నాయిన రంగంలోకి వచ్చేది ఇక్కడ. మాది సంగారెడ్డి వైపు పల్లె. వారానికి రెండుసార్లు నాయిన టమాట, బెండ, పాలకూర వేసుకుని తెల్లారకముందే ఎర్రగడ్డ రైతుబజారుకు వస్తాడు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు పెట్టాక దళారి చేతి నుంచి బయటపడ్డ కుటుంబాల్లో మాదీ ఒకటి. సరుకు అమ్ముడుపోయాక నా రూముకొచ్చి కాసేపు నడుం వాలుస్తాడు. ఒకరోజు నా బ్రష్షు చూసి, "ఏందిరా గిది, గోడకు సున్నమేసే కుంచె లెక్కున్నది! ఇటియ్యి, నేను గూడ గీసుకుంట" అన్నాడు.

సెలూన్ అనుభవం తర్వాత ఒకరి బ్రష్షు ఇంకొకరు వాడకూడదని నాకు పట్టుదల. "నీకు వేరేది తెస్త నాయినా" అన్నాను. కొత్త బ్యాడ్జరుకు నా దగ్గర డబ్బు లేదు. ఆదివారం ఎర్రగడ్డ సంతలో, పాత రేడియోలు, ఇస్త్రీపెట్టెలు, స్పానర్ల మధ్య దొరికింది: దంతంలా పచ్చబడిన పిడి, దాని మీద సగం చెరిగిన ఇంగ్లీషు అక్షరాలు, తెలుపు నలుపు చారల వెంట్రుకలు. వంద రూపాయలు. "అస్లీ బ్యాడ్జర్, పరదేశ్‌ది" అన్నాడు అమ్మినాయన. నిధి దొరికినంత సంబరపడ్డాను.

నేను బి.జెడ్.సి. విద్యార్థిని. నిజమో కాదో చూద్దామని మర్నాడు జువాలజీ లాబ్‌లో నా బ్రష్షు వెంట్రుకను, సంత బ్రష్షు వెంట్రుకను పక్కపక్కన మైక్రోస్కోపు కింద పెట్టాను. నాది నడుమ లావు, కొన సూది. సంతది మొదటినుంచి చివరిదాకా ఒకే లావు, కొన కత్తిరించి ఉంది. నలుపు చార కూడా వెంట్రుకలో పుట్టింది కాదు, పైన పట్టించిన రంగు. అది బహుశా గుర్రపు వెంట్రుక.

మా లెక్చరర్ గారు చూసి నవ్వుతారనుకుంటే, "ముందు చేతులు కడుక్కో" అన్నారు. తర్వాత ఆయన చెప్పిన సంగతి ఇది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్యాడ్జర్ వెంట్రుకల సరఫరా దెబ్బతింది. తూర్పు దేశాల గుర్రపు వెంట్రుకలకు రంగువేసి, బ్యాడ్జర్ అని చౌకగా అమ్మారు. ఆ వెంట్రుకలను సరిగా శుద్ధిచేయలేదు. వాటితో గడ్డం గీసుకున్న బ్రిటిష్, అమెరికన్ సైనికులకూ, పౌరులకూ ఆంత్రాక్స్ సోకింది. బ్రిటన్ 1920లో జపాన్ బ్రష్షుల దిగుమతిని నిషేధించింది. అమెరికా పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి 2017లో ప్రచురించిన వ్యాసంలో ఇటువంటి కేసులు రెండు వందలకు పైగా తేలాయి. గీతపడ్డ చోట నల్లని పొక్కు లేస్తుంది. గ్రీకులో ఆ పేరుకు అర్థమే బొగ్గు.

ఆంత్రాక్స్ అంటే మన దొమ్మరోగమే. నా చిన్నప్పుడు మా వాడకట్టులో నాలుగు గొర్రెలు పొద్దున మేసి, సాయంత్రానికి ముక్కుల్లో నెత్తురు కారి పడిపోయాయి. పశువుల డాక్టరు కోయనివ్వలేదు, తోలు తియ్యనివ్వలేదు, లోతుగా గొయ్యి తీయించి సున్నం పోయించాడు. ఆ క్రిమి స్పోర్లుగా మారి మట్టిలోనూ వెంట్రుకల్లోనూ దశాబ్దాలు బతుకుతుంది. ఇంట్లో వేడినీళ్ళకు, డెట్టాలుకు లొంగేది కాదు.

నా సంత బ్రష్షులో స్పోర్లు ఉన్నాయని నేననను. అది ఏనాటిదో కూడా తెలియదు, ప్రమాదం బహు స్వల్పం కావచ్చు. కాని బెండకాయ ముళ్ళు గీసుకున్న వేళ్ళూ, వారానికో గాటుపడే గవదా ఉన్న మనిషి ముఖానికి దాన్ని పూయబోయానన్నది మాత్రం నిజం. లెక్చరర్ గారు దాన్ని ఆటోక్లేవులో, 121 డిగ్రీల ఆవిరిలో పెట్టించారు. పిడి పగిలి కుచ్చు ఊడిపోయింది. వంద రూపాయలు పోతే పోయాయి.

నాయినకు చివరికి కొన్నది కొత్త సింథటిక్ బ్రష్షు, బ్యాడ్జర్ ధరలో చిన్న వంతుకే. నైలాను జాతి పోగులు నీరు పీల్చుకోవు గాని, పోగుల నడుమ నిలుపుకుంటాయి, తొందరగా ఆరుతాయి. దాంతో నురగ నా బ్యాడ్జర్ కంటె తొందరగా వచ్చిందని ఒప్పుకోక తప్పదు. మామ ఇచ్చింది గనుక నాది అరిగిందాకా వాడతాను. మళ్ళీ కొనవలసివస్తే జంతువు వెంట్రుక కొనను. మన దేశపు హనీ బ్యాడ్జర్, ముంగిస రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఉన్నవే. అయినా ముంగిస వెంట్రుకల కుంచెలు దొంగచాటుగా తయారవుతూ పట్టుబడుతూనే ఉన్నాయి.

పోయిన బుధవారం నాయినను స్టూలు మీద కూర్చోబెట్టి నేనే నురగ పట్టించాను. మంజీరా నీళ్ళు, మూడు నిమిషాలు. "ఇంకెంతసేపురా, ఆటో పోతది" అని గునిశాడు గాని కళ్ళు మూసుకునే ఉన్నాడు. గీయడం అయ్యాక గవద తడుముకుని, "గిది ఏ జంతువు ఎంటికలు?" అన్నాడు.

"ఏ జంతువూ కాదు నాయినా, ప్లాస్టికు."

"మంచిగనే ఉన్నది" అని సంచి భుజాన వేసుకున్నాడు. ఆయన బ్రష్షు పిడికి ఎర్రదారం కట్టి, నాదానికి దూరంగా వేరే మేకుకు తగిలించాను.