బీప్ చెప్పదు, మిల్లీవోల్టు చెబుతుంది

ఎన్నికలొస్తే సీతంపేట కొండల్లోని సవర గిరిజన ఓటర్ల ముందుకూ ఈవీఎం వస్తుంది. కరెంటు లేని చోటా బ్యాటరీతో నడిచే ఆ యంత్రానికి నమూనాను 1979లో హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసింది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దాన్ని పార్టీల ప్రతినిధులకు చూపించింది. ఏ ఎలక్ట్రానిక్ పరికరమైనా జనంలోకి వచ్చేముందు ఇలా నమూనా దశ దాటాల్సిందే. ఆ దశలో ఇంజినీర్లను ఏడిపించే వాటిలో షార్ట్ సర్క్యూట్ ముందుంటుంది.

కొత్త బోర్డుకు సప్లై ఇవ్వగానే వోల్టేజీ పడిపోతుంది. మల్టీమీటర్ పెడితే ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య బీప్! ఆ రెండు లైన్లూ బోర్డంతా పాకి ఉంటాయి కాబట్టి ఎక్కడ ముట్టించినా అదే కూత. దొంగ ఎవరైనా కావచ్చు: అర మిల్లీమీటరు ఎడంగా ఉన్న చిప్పు కాళ్ల మధ్య వెంట్రుకంత టంకం, లేదా పైకి నిక్షేపంగా కనిపిస్తూ లోపల పగిలిన సిరామిక్ కెపాసిటర్.

పట్టించేది రాగే. మామూలు బోర్డుపై రాగి పొర మందం 35 మైక్రాన్లు. పావు మిల్లీమీటరు వెడల్పు ట్రాక్‌కు సెంటీమీటరుకు సుమారు 20 మిల్లీఓమ్‌ల నిరోధం ఉంటుంది. మామూలు మీటరు అంత చిన్న నిరోధాన్ని చూపలేదు. దాని ప్రోబు తీగలదే అంతకు మించి ఉంటుంది. అందుకే ఓమ్‌లు వదిలేసి మిల్లీవోల్టులు కొలుస్తారు. సప్లైని 0.3 వోల్టు, 100 మిల్లీఆంపియర్లు దాటనివ్వకుండా షార్టయిన లైన్లకు కలుపుతారు. అంత తక్కువ వోల్టేజీకి చిప్పులు మేలుకోవు, కరెంటు దాదాపు అంతా షార్టు గుండానే పోతుంది. ఒక ప్రోబును సప్లై నెగటివ్ దగ్గర ఉంచి, రెండోదాన్ని ప్లస్ ట్రాక్ వెంట జరిపితే సెంటీమీటరుకు రెండు మిల్లీవోల్టుల చొప్పున రీడింగు దిగుతుంది. కరెంటు పారని కొమ్మలో అది కదలదు. నీటి వాలు చూసి చెరువు గండి పట్టినట్టే, తగ్గడం ఎక్కడ ఆగిందో అక్కడ వెతకాలి.

బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి, షార్టు వేడికి ముందుగా ఆరిన చోటు వెతికే చిట్కా కూడా ఉంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అన్నిచోట్లా పారదు. ఒక ఆంపియర్ పంపితే 0.2 ఓమ్‌ల చెడిన కెపాసిటర్‌లో 0.2 వాట్ల వేడి పుడుతుంది. ఒక మిల్లీఓమ్ టంకం వంతెనలో పుట్టేది మిల్లీవాటే. వంతెన చల్లగా కూర్చుంటుంది.

అనుభవమున్నవాళ్లు భాగాలు అతికించకముందే ఖాళీ బోర్డును మీటరుతో చూస్తారు. సప్లై లైన్లలో అక్కడక్కడా జీరో ఓమ్ రెసిస్టర్లు పెట్టుకుంటారు. షార్టు వస్తే వాటిని ఒక్కొక్కటే ఊడదీసి లైనును ముక్కలు చేస్తారు. బీప్ ఏ ముక్కలో మిగిలిందో ఆ ముక్క మీదే మిల్లీవోల్టుల వేట మొదలవుతుంది.