ఆయిల్ ఇంజను మరమ్మతు: ఒక్క పన్ను తేడా

మరమ్మతు చేయించిన ఆయిల్ ఇంజను నల్లని పొగ చిమ్ముచు, నీరు సరిగా ఎత్తక, నాలుగు దినములలో మరల మూలబడుట మన గ్రామములలో అరుదైన సంగతి కాదు. డీజిలు కల్తీదనియో, విడి భాగములు నాసిరకమువనియో అనుకొందురు. అవియు కారణములు కావచ్చును. కాని ఒక్కొక్కప్పుడు లోపము మరియొక చోట ఉండును. ఇంజను లోపలి రెండు పళ్ల చక్రములను తిరిగి కూర్చునప్పుడు ఒక్క పన్ను అటో ఇటో జరిగి యుండును.

విద్యుత్తు మోటార్లు వచ్చిన పిదప ఆయిల్ ఇంజనుల వాడుక తగ్గినది. అయినను కరెంటు అందని పొలములలోను, ఏటి ఒడ్డులందును, కరెంటు పోయినప్పుడు త్రాగునీటి ట్యాంకు నింపుటకును అవి నేటికిని పనికి వచ్చుచున్నవి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన 11వ షెడ్యూలులో త్రాగునీరు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఒకటి. మరమ్మతు బిల్లును ఆమోదించు సభ్యులు మెకానిక్కు పని నేర్వనక్కరలేదు. చేసిన పని సరిగా నున్నదో లేదో చూడగలిగిన చాలును.

డీజిలు ఇంజనులో పిస్టను నాలుగు నడకలు నడచును. మొదటి నడకలో గాలిని లోనికి పీల్చును. రెండవ దానిలో ఆ గాలిని అదిమివేయును. అదిమిన గాలి మిక్కిలి వేడెక్కును. అందులోనికి డీజిలు చిమ్మబడి మండి, మూడవ నడకలో పిస్టనును క్రిందికి నెట్టును. నాలుగవ నడకలో పొగ వెలుపలికి పోవును. ఈ నాలుగు నడకలకు క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగును. గాలి వాల్వు ఒక మారు, పొగ వాల్వు ఒక మారు తెరచుకొనిన చాలును గనుక, వానిని తెరచు కామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరుగవలెను. అందుచేతనే క్రాంకు చక్రమునకు 25 పళ్లున్నచో కామ్ చక్రమునకు 50 పళ్లుండును. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క వాల్వు నిమిషమునకు 750 సార్లు తెరచుకొని మూసికొనును.

పై లెక్కలో ఒక్క పన్ను తప్పిన క్రాంకు షాఫ్టు చుట్టులో 14 డిగ్రీలకు పైగా తేడా వచ్చును. వాల్వులు ముందుగానో ఆలస్యముగానో తెరచుకొనును. చిన్న ఇంజనులలో డీజిలు పంపును నడుపు కామ్ కూడ సాధారణముగా ఆ షాఫ్టు మీదనే ఉండుటచే డీజిలు చిమ్ము వేళయు తప్పును. ఇంతకంటె పెద్ద ప్రమాదము మరొకటి కలదు. డీజిలు ఇంజనులో పిస్టను పైకి వచ్చినప్పుడు హెడ్డుకు, దానికి నడుమ మిగులు సందు చాల కొద్ది. వేళ తప్పిన వాల్వు పిస్టనుకు తగిలి వంగవచ్చును.

ఒక వేసవిలో మేము పోయిన గ్రామములో ఇట్లే జరిగినది. బేరింగులు మార్చుటకై విప్పిన ఇంజనును సందె చీకటిలో తొందరగా బిగించిరి. అది కష్టము మీద స్టార్టయినది. పొగ విపరీతముగా వచ్చినది. కొత్త బేరింగులు గనుక నాలుగు దినములు నడచిన సర్దుకొనునని మెకానిక్కు చెప్పినాడు. మూడవ నాడు పుష్ రాడ్డు వంగి ఇంజను ఆగిపోయినది. ట్యాంకు ఎండిపోయి, ఆడవారు బిందెలతో పొలము బావులకు పోవలసి వచ్చినది. తరువాత వచ్చిన ముసలి మేస్త్రీ ప్రక్క మూత విప్పి, కిరసనాయిలు గుడ్డతో చక్రములను తుడిచి, పళ్ల మీది చుక్కలను సర్పంచిగారికి చూపినాడు. అవి ఒకదాని కొకటి ఎదురుగా లేవు.

ఆ చుక్కలే అసలు సంగతి. ఇంజను తయారు చేసినవారు క్రాంకు చక్రముపై ఒక పంటికి, కామ్ చక్రముపై రెండు పళ్ల నడుమ సందుకు గుర్తు పెట్టుదురు. ఆ పన్ను ఆ సందులో కూర్చున్న టైమింగు సరిపోయినట్లే. మూత బిగించుటకు ముందు ఈ గుర్తులను చూపుమని సభ్యులు అడుగవలెను. ఇందులో మెకానిక్కు చిన్నబుచ్చుకొనవలసినది లేదు. రెండు చక్రముల నడుమ మూడవ చక్రమున్న ఇంజనులలో మాత్రము, ఒకసారి కలిసిన గుర్తులు కొన్ని చుట్లు తిరిగిన గాని మరల కలియవు. దానిని చూచి కంగారు పడరాదు.

బిగించిన వెంటనే ఇంజనును స్టార్టు చేయనీయరాదు. ఇంజెక్టరును తీసి యుంచి, ఫ్లైవీలును అది నడచు దిక్కుననే చేతితో రెండు నిండు చుట్లు త్రిప్పవలెను. ఎక్కడైన గట్టిగా అడ్డు తగిలిన బలముతో త్రోయరాదు. మూత మరల విప్పవలసినదే. పొగ నడక ముగిసి పిస్టను పైకి వచ్చిన చోట పొగ వాల్వు మూసికొనుచుండగా గాలి వాల్వు తెరచుకొన నారంభింపవలెను. అక్కడినుండి సరిగా ఒక చుట్టు త్రిప్పిన, రెండు వాల్వులును మూసికొని యుండును. టాపెట్ల సందును ఇంజను చల్లగా నున్నప్పుడు, ఈ స్థితిలో, కంపెనీవారి పుస్తకములోని కొలత ప్రకారము ఫీలరు గేజితో సరిచేయవలెను. సందు తప్పుగా నున్నచో మంచి టైమింగు కూడ తప్పుగా కనిపించును.

పాత ఇంజనులలో చుక్కలు అరిగిపోయి యుండవచ్చును. అట్టివాటిని విప్పుటకు ముందే, కలిసియున్న పళ్లపై పంచితో కొత్త గుర్తు కొట్టించవలెను. పలుమార్లు మరమ్మతైన ఇంజనుపై రెండు మూడు రకముల గుర్తులుండుట కద్దు. వానిలో ఏది సరియైనదో పై విధముగా వాల్వుల కదలికను చూచి తేల్చుకొని, తక్కినవానిని ఆకురాయితో చెరిపివేయించుట మంచిది.