చిన్న కటమరాన్, ఒంటరి నావికుడు, తక్కువ బరువు

కాలిఫోర్నియాకు చెందిన హోబీ ఆల్టర్ 1968లో విడుదల చేసిన హోబీ 14, హల్ అని పిలిచే రెండు సన్నని పడవ దేహాలను అడ్డకమ్మీలతో కలిపి, ఒకే తెరచాపతో ఒక్కరే నడిపేందుకు రూపొందించిన చిన్న కటమరాన్. ఇటువంటి పడవను గాలి ఒరగదోయకుండా ఆపేది రెండు హల్‌ల మధ్య దూరమూ, గాలి వచ్చే వైపు కూర్చున్న మనిషి బరువూ కనుక, తేలికైన నావికుడు మందగాలిలో ఇతరులకంటే చురుగ్గా సాగినా, గాలి బలపడగానే ఆ లాభాన్ని కోల్పోతాడు. నడుముపట్టీని స్తంభం నుంచి వచ్చే తీగకు తగిలించుకొని శరీరాన్ని నీటిపైకి చాచే ట్రపీజ్, తెరచాప ముందంచును కిందికి లాగి దాన్ని చదును చేసే డౌన్‌హాల్ తాడు కొంత ఆదుకుంటాయి. అయితే విసురుగాలి తాకిన క్షణంలోనే తెరచాప తాడును వదలగల చేతి చురుకుదనం వాటికంటే విలువైనది.

అసలు కష్టం పడవ బోల్తాపడ్డాక మొదలవుతుంది. తెరచాప తాడు వదులుచేసి, పడవ ముక్కును గాలివైపు తిప్పి, కింది హల్‌పై నిలబడి, పై హల్‌కు కట్టిన తాడు పట్టుకొని వెనక్కి వాలినా, నీరు పట్టిన తెరచాపను లేపడానికి తేలికైన నావికుడి బరువు చాలకపోవచ్చు. అందుకే వీపువైపు వేలాడేలా నీటిసంచిని వాడతారు. నీటిపైకి లేచిన సంచిలోని ప్రతి లీటరూ దాదాపు ఒక కిలో బరువును కలుపుతుంది. ఈ పనిని ముందుగా ప్రశాంతమైన నీటిలో, తోడుపడవ దగ్గరుండగా అభ్యసించి తీరాలి. స్తంభం కొనకు బిగించే తేలుడు బుడ్డి పడవ పూర్తిగా తలకిందులు కాకుండా కాపాడుతుంది, కానీ పక్కకు ఒరిగిన పడవను గాలి ఈతగాడికి అందనంత వేగంగా తోసుకుపోగలదు కాబట్టి, నీటిలో పడిన నావికుడు పడవకు కట్టిన తాడును ఏ క్షణానా విడువరాదు.