పద్యం వేదిక మీద, కవి వాకిట్లో

గత శీతాకాలంలో తుళ్లూరులో ఒక కళోత్సవం జరిగింది. అందులో జాషువా పద్యాలు చదివి వినిపించవలసిందిగా నాకు ఆహ్వానం వచ్చింది. సంతోషంగా అంగీకరించాను. రెండు రోజుల తరువాత నిర్వాహకుల్లో ఒక పెద్దమనిషి ఫోన్ చేశారు. ‘‘ఫిరదౌసి చదవండి, ముంతాజ మహలు చదవండి. శ్మశానవాటి అందుకున్నారంటే జనం ఊగిపోతారు. గబ్బిలం జోలికి మాత్రం వద్దు మాస్టారూ, పండగ పూట కులం మాట ఎందుకు?’’ అన్నారు. ఆయన మాటలో ద్వేషం లేదు. ఒక కవిని రెండు ముక్కలు చేస్తున్నామన్న స్పృహ కూడా లేదు. అందుకే ఆ మాటను అంత తేలికగా వదిలిపెట్టలేకపోయాను.

శ్మశానవాటి పద్యాలను ఆయన నిరపాయకరమైనవిగా ఎంచుకోవడంలోనే ఒక చరిత్ర ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి రచించిన హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీనులోకి రంగస్థల నటులు ఈ పద్యాలను తెచ్చుకున్నారు. డి.వి.సుబ్బారావు వంటి గాయక నటుల గొంతులో అవి ఊరూరా మారుమోగాయి. వన్స్‌మోర్‌లు కొట్టిన ప్రేక్షకుల్లో చాలామంది అవి బలిజేపల్లివారివేననుకున్నారు. ఇప్పటికీ అనుకునేవారున్నారు. జాషువా పద్యం ఏ ఆటంకమూ లేకుండా ప్రతి ఊరి నడిబొడ్డుకూ చేరింది. అయితే జాషువా పేరు లేకుండా చేరింది.

ఆ నాటకాన్ని నేను చిన్నప్పుడు మా తాత పక్కన కూర్చుని చూశాను. మిరప కోతలు ముగిశాక, ఊరి తిరునాళ్లలో, జనానికి చివరన, గోనెపట్టాల మీద. మా తాత ఆ ఊరి వెట్టివాడు. చావు కబురు చుట్టపక్కాల ఊళ్లకు మోసుకెళ్లడం, కాటిలో కట్టెలు పేర్చడం, చివరిదాకా కాలిందో లేదో చూసి రావడం ఆయన పని. వేదిక మీద హరిశ్చంద్రుడు వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరిగా నిలబడితే, ముందువరుసల్లో ఆసాములు కండువాలతో కళ్లు తుడుచుకునేవారు. ఒకసారి మా తాతను అడిగాను, నీకు ఏడుపు రాలేదా అని. ‘‘ఆయనకి తెల్లారితే అయిపోద్ది లేరా’’ అన్నాడు.

ఆ నాటకం మీద నేను చదివిన ఏ విమర్శా ఆ మాటకు సాటిరాదు. రాజు కాటికాపరి కావడం విషాదం. కాటికాపరి కొడుకు కాటికాపరి కావడం మాత్రం లోకరీతి. మన సానుభూతి కూడా కులం చూసే కదులుతుందని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

జాషువా జీవితమంతా ఈ తెర వెనకే నడిచింది. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టిన ఆయన, 1915–16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. బొమ్మ కదులుతుంటే కథనూ సంభాషణలనూ నేపథ్యంలో చదవడం ఆ ఉద్యోగం. చీకట్లో ఉన్న గొంతుకు కులం అడిగేవారుండరు. అదే మనిషి వినుకొండలో ఒక అవధాన సభలో లేచి నిలబడి పద్యాలు చదివినప్పుడు మాత్రం, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు ఆయనను అవమానించారు. పద్యంలో యతి తప్పలేదు, గణం తప్పలేదు. తప్పల్లా చదివినవాడి పుట్టుకది. తరువాతి కాలంలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి అంతటివాడు ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. కానీ సత్కారం వ్యక్తికి జరిగింది, సభ మాత్రం పెద్దగా మారలేదు.

గబ్బిలం తొలి భాగం 1941లో వెలువడింది. అందులో గుడిలోకి ప్రవేశం లేని ఒక అరుంధతీ సుతుడు, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో శివునికి తన మొర పంపుకుంటాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో పంపింది విరహ సందేశం. ఇది ఆకలి సందేశం, అస్పృశ్యత మీద ఫిర్యాదు. అసలు ఆ కావ్యం ప్రశ్నే ఇది: ఎవరి గొంతుకు ఎక్కడ ప్రవేశం ఉంది? అటువంటి కావ్యాన్ని వేదిక మీదికి రానివ్వకపోవడమంటే, ఆ అరుంధతీ సుతుణ్ణి మరొకసారి గుడి వాకిట్లో నిలబెట్టడమే.

కళాప్రాంగణంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది ఈ జిల్లాల్లో చిన్న సంగతి కాదు. చుండూరు వివాదం సినిమా హాల్లో ఒకరి కాలు మరొకరికి తగలడంతో మొదలైంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యతో అది ఊచకోతగా మారింది. అంతకు ఆరేళ్ల ముందు కారంచేడులో తాగేనీటి చెరువు దగ్గర రగిలిన గొడవకూ దీనికీ మూలం ఒకటే. ఉమ్మడి స్థలం నిజంగా ఉమ్మడిది కావాలని దళితులు కోరడమే ఆ మూలం.

తుళ్లూరు ఇప్పుడు రాజధాని ప్రాంతం. 2015 అక్టోబరు 22న సమీపంలోని ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. భూసమీకరణలో పట్టా భూములతో సమానమైన ప్రతిఫలం కోసం అసైన్డ్ భూముల దళిత రైతులు ఏళ్ల తరబడి పోరాడవలసివచ్చింది. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లే కూలీ కుటుంబాలకు పొలంతోపాటే పని పోయింది. వారికి మొదట నిర్ణయించిన పింఛను నెలకు 2,500 రూపాయలు. అటువంటి చోట జరిగే కళోత్సవం కొత్త నగరపు మొదటి సభల్లో ఒకటి. పాత ఊరి వరుసలే అక్కడా పరిస్తే, దాన్ని కొత్త నగరమని ఎలా అనగలం?

ఆ సాయంత్రం నేను ముందు శ్మశానవాటి చదివాను. పెద్దాయన చెప్పింది నిజమే. ముసలివాళ్లు కళ్లు మూసుకుని నాతోపాటు పెదవులు కదిపారు. ముగించాక, ఇవి జాషువావి, ఈయన ఫలానా కులంలో పుట్టాడు, ఈయనను ఫలానా సభలో ఇలా అవమానించారు అని చెప్పి, గబ్బిలం అందుకున్నాను. చప్పట్లు తగ్గాయి. మూడో పద్యానికి ‘‘సమయం మించిపోయింది’’ అన్న చీటీ వచ్చింది. అయిదో పద్యం దాకా చదివి దిగాను. కొంపలేమీ మునగలేదు. వెనకవరుసల్లోంచి ఒక కుర్రవాడు వచ్చి, ఆ పద్యాలను తన ఫోన్లోకి మళ్లీ చదివించుకుని వెళ్లాడు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర డప్పు కళాకారులు నిలబడి ఉన్నారు. ముఖ్య అతిథిని డప్పులతో వేదికదాకా తెచ్చింది వాళ్లే. కరపత్రం తీసి చూశాను. వక్తల పేర్లు బిరుదులతో సహా ఉన్నాయి. వారికి మాత్రం ‘డప్పు బృందం’ అన్న రెండు మాటలే. నేను జాషువా పేరు కోసం వాదించి వచ్చాను గానీ, అంతకుముందు ఆ కరపత్రాన్ని చదివి కూడా ఈ లోపం గమనించలేదు. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది.

కళకు కులం లేదని మనవాళ్లు తరచూ అంటారు. లేకపోతే మంచిదే. కానీ ఆ మాట కులం మూలంగా ఏమీ పోగొట్టుకోనివారి నోటే ఎక్కువగా వినిపిస్తుంది. కులం లేని కళ కావాలంటే కులాన్ని ప్రశ్నించిన కళను ఆపడం దానికి దారి కాదు. చేయవలసిన పనులు చిన్నవే. హరిశ్చంద్ర నాటకం ఆడినప్పుడు కాటి సీనుకు ముందు జాషువా పేరు చెప్పండి. ఆయనను చదివించదలిస్తే గబ్బిలంతో సహా చదివించండి. డప్పు కొట్టినవారి పేర్లు కరపత్రంలో వేయండి, పారితోషికం వేదిక మీద ఇవ్వండి, ఆ తరువాత వారికి కుర్చీలు వేయండి.

వచ్చే ఏడాది ఆ నిర్వాహకులు మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. పిలిస్తే వెళతాను. ఈసారి ముందు కరపత్రం చూసి, ఆ తరువాతే ఒప్పుకుంటాను.